దవడలు బిగిసిన చలికాలం

ఇనుప మేకు గుచ్చుకుంటే అదే రోజు వెళ్లి సూది వేయించుకోండి. పసుపు పెట్టకండి, సున్నం పెట్టకండి, కిరోసిన్ పోయకండి. "ఏం కాదులే" అనే పెద్దమనిషి మాట అసలే వినకండి. నేను పదిమందికీ చెప్పదలచుకున్నది ఇంతే. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసి సూది మందుకు బయలుదేరవచ్చు.

మిగతాది నా కోసం రాసుకుంటున్నాను. మూడేళ్లయినా వంటింట్లో గిన్నె జారిపడితే నా వీపు బిగుసుకుంటుంది. కుక్కర్ ఈల వేస్తే గోడ పట్టుకుంటాను. జరిగింది జరిగినట్టు రాస్తే కొంత నెమ్మదిస్తుందని తెలిసినాయన సలహా ఇచ్చాడు. ఆయనకు జన్మలో జలుబు తప్ప మరో జబ్బు రాలేదు. అయినా ఏ పుట్టలో ఏ పాముందో, చూద్దాం.

*1996 నవంబరు మొదట్లో*

అప్పుడు నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. మా జగిత్యాల దిక్కున దాన్నీ దుబాయే అంటారు. నన్నూ, మా బావ గంగారాంనూ కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఒక ఆటల క్లబ్బులో పనికి పెట్టాడు. గంగారాం నా భార్య సత్తవ్వకు సొంత అన్న. నేను వాణ్ని బావా అంటాను, వాడూ నన్ను బావా అంటాడు. నయీమ్ అనే పేటలో ఒకే గదిలో, మరి కొందరితో కలిసి ఉండేవాళ్లం. గడ్డికి నీళ్లు పెట్టడం, కోయడం, మైదానంలో గీతలు గీయడం మా డ్యూటీ.

అక్కడ ఆడేది రగ్బీ. మొదటిసారి చూసిన రోజు గంగారాం చీపురు పక్కన పెట్టి చాలాసేపు నిలబడిపోయాడు.

"బావా, గీళ్ల నడుమ భూమి తగాదా ఉన్నట్టుంది" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. బంతి గుండ్రంగా ఉండదు. మనిషేమో ముందుకు ఉరకాలి, బంతినేమో వెనక్కి విసరాలి. దాన్ని పట్టుకున్నవాడి మీద మిగిలినవాళ్లంతా పడతారు. పడి, లేచి, చేతులు కలుపుకొని పోతారు. ఏడాది గడిచేసరికి నాకు ఆ ఆట మీద పిచ్చి పట్టింది. ఎవడు ఎటు తిరుగుతాడో గంగారాంకు ముందే చెప్పేవాణ్ని, సగం తప్పులే అనుకోండి.

ఆ చలికాలం మా మైదానంలో పెద్ద పోటీ పెట్టారు. చుట్టూ సముద్రమున్న దేశాలే రావాలని షరతు. బహ్రెయిన్, శ్రీలంక, సైప్రస్, మాల్టా, మరీ దూరం నుంచి ఫిజీ. జట్టుకు ఏడుగురు. సగం ఆట ఏడు నిమిషాలు, ఇంకో సగం ఏడు నిమిషాలు, ఖలాస్. గురువారం, శుక్రవారం రెండు రోజుల్లో అంతా అయిపోతుంది.

గీతలు గీయాలంటే మూలమూలకూ ఇనుప మేకులు కొట్టి, వాటికి దారం లాగి కట్టి, దారం వెంట సున్నం పోసుకుంటూ పోవాలి. సున్నం కాళ్లను తింటుందని మేనేజరు మాకు రబ్బరు బూట్లు ఇచ్చాడు. మొదటి గీతకు నేను బూట్లు విప్పాను. మా దిక్కున కల్లంలోకి ఎవరూ చెప్పులతో పోరు. ఇక్కడ వడ్లు పడవు, నిజమే. కానీ ఇసుక మీద ఎండాకాలమంతా నీళ్లు మోసి పెంచిన పచ్చిక అది. దాని మీద మొదటి గీతను బూటు కాళ్లతో గీయడానికి మనసొప్పలేదు. గంగారాం నాకంటే ముందే విప్పాడు. గోలు కర్రల మొదట్లో కొబ్బరికాయ కొట్టి, మేనేజరు వచ్చేలోపు చిప్పలు సంచిలో దాచేశాడు కూడా.

పోయిన ఏడాది కొట్టిన మేకొకటి గడ్డిలో మిగిలిపోయి ఉంది. అది నా కుడి మడమలో సగం దాకా దిగింది.

"ఏం గాదు బావా! కల్లంల కాలికి దెబ్బ తాకితే పంట మంచిగొస్తదంటరు" అంటూ గంగారాం కూర్చోబెట్టాడు. గదిలోంచి తెచ్చిన పసుపులో గీతల సంచిలోని సున్నం కలిపి, గాయంలో కూరి, తువ్వాలు చించి కట్టు కట్టాడు. మేనేజరుకు చెప్పొద్దనుకున్నాం. చెబితే నన్ను గదిలో పడుకోమని, పోటీ రోజులకు ఇంకొకణ్ని తెచ్చుకుంటాడు. ఫిజీవాళ్ల ఆట ఈ కళ్లతో చూడాలని నాకు మహా ఆశగా ఉండేది.

వారం తిరిగేసరికి పుండు మానిపోయింది. మోసమంతా అక్కడే ఉంది.

*నవంబరు చివర, పోటీ రోజులు*

గురువారం పొద్దున ఖుబ్బూస్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే పళ్లు తెరుచుకోలేదు. పన్ను నొప్పి అనుకున్నాను. చాయ్‌లో నానబెట్టి, వేలితో లోపలికి తోసుకొని మింగాను. మెడ పట్టేసినట్టుంది. రాత్రి తలగడ సరిగ్గా లేదేమో అనుకున్నాను. మనిషికి సాకులు వెతుక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

జనం వస్తున్నారు. జెండాలు కడుతున్నాం. మేనేజరు నా భుజం తట్టి, చాలా సంతోషంగా ఉన్నావే నర్సయ్యా అన్నాడు. నాకు అర్థం కాలేదు. కాసేపటికి గంగారాం కూడా పని ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఏంది బావా, పొద్దుగాల్నుంచి నవ్వుతనే ఉన్నవ్?"

"నవ్వుతలేను" అన్నాను పళ్ల సందుల్లోంచి.

"నవ్వుతున్నవ్!"

నీళ్ల ట్యాంకరు పక్క అద్దంలో చూసుకున్నాను. నిజంగానే నవ్వుతున్నాను. పెదాలు రెండు వైపులా సాగి, పళ్లన్నీ బయటపడి, కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. చేత్తో పెదాలు దగ్గరికి నొక్కినా మూసుకోలేదు. ఆ నవ్వు నాది కాదు. నా ముఖం మీద ఎవరో కూర్చొని నవ్వుతున్నట్టుంది. అంత భయం నాకు అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. తువ్వాలు ముఖానికి చుట్టుకొని పని చేశాను.

మధ్యాహ్నం ఫిజీవాళ్ల ఆట. ఆడేముందు ఏడుగురూ చేతులు పట్టుకొని, మోకాళ్ల మీద కూర్చొని పాట పాడారు. దేవుడి పాటే అయి ఉంటుంది. నేను గీత పక్కన, సున్నం బకెట్టుతో నిలబడ్డాను. వాళ్లలో ఒక పొడుగాటి పిల్లాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, బంతితో నా ముందు నుంచే దూసుకుపోయాడు. వాడి పాదాల వేగానికి నేలలోంచి నా అరికాళ్లలోకి అదురు తెలిసింది. ఇద్దరు ఎదురొచ్చి పట్టుకున్నారు. ముగ్గురూ పడ్డారు. ఇద్దరు లేచారు.

జనమంతా ఒక్కసారి అరిచారు. ఆ అరుపుతో నా వీపు విరిగినట్టు వెనక్కి వంగిపోయింది. మడమలూ తలా తప్ప మరేదీ నేలకు ఆనడం లేదు. ఊపిరి ఆడలేదు. తెలివి మాత్రం పోలేదు. పోతే బాగుండేది. ఈ జబ్బులో అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

అందరూ ఆ పిల్లాడి దగ్గరికి ఉరికారు. గంగారాం ఒక్కడే నా దగ్గర కూలబడి, "ఎవరన్న రాండ్రి! మా బావ గూడ పడ్డడు! భాయ్! ఇదర్ దేఖో!" అని గొంతు చించుకున్నాడు. వాడి అరుపుకు నేను మళ్లీ వంగిపోయాను. పాపం, ఎంత ఎక్కువ పిలిస్తే నాకు అంత ఎక్కువవుతోందని వాడికేం తెలుసు?

అంబులెన్సు ఒక్కటే ఉంది. ఆ పిల్లాడిని ఒక పక్కన, నన్ను ఇంకో పక్కన వేశారు. వాడి మెడ కదలకుండా కట్టేశారు. తల నా వైపే తిరిగి ఉంది. దారంతా వాడి కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. నేను నవ్వుతున్నాను. మెడ విరిగి పడి ఉన్నవాడి ముందు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. ఇది నవ్వు కాదురా నాయనా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడికి నా భాష ఎలాగూ రాదు. ఆ చూపు నన్ను ఇంకా వదల్లేదు.

*డిసెంబరు*

ధనుర్వాతం అన్నారు. మందుల గురించి నాకు తెలిసింది తక్కువ, రాయను. నాకు తెలిసింది ఆ గది.

ఆ గదికి పగలు లేదు. వెలుగు పడితే ఒళ్లు వంగిపోతుందని కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. తలుపు చప్పుడైతే వంగిపోతాను. చెంచా పళ్లేనికి తగిలితే వంగిపోతాను. ఎవరైనా తుమ్మితే చాలు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసేవారు. కళ్లు మూసుకుంటే ఎవరో నా చుట్టూ ఉరుకుతున్నట్టుండేది. పాదాల అదురు నేలలోంచి మంచంలోకి, మంచంలోంచి ఎముకల్లోకి వచ్చేది. ఆ ఉరికేవాళ్లు నా తల దగ్గరికి వచ్చి ఆగేవారు. కళ్లు తెరిస్తే ఎవరూ ఉండరు. మందుల మత్తు అంటారు. అనేవాళ్లు ఆ మంచం మీద పడుకోలేదు.

అన్నమ్మ అనే కేరళ సిస్టరు ఉండేది. నా గదిలోకి వచ్చేముందు చెప్పులు బయట విడిచేది, చేతి గడియారం తీసి జేబులో వేసుకునేది. చెంచాకు గుడ్డ చుట్టి పెట్టుకుంది. తలుపు మీద "చప్పుడు చేయవద్దు" అని అరబ్బీలో, ఇంగ్లిషులో రాసి అంటించింది. దాని కింద గంగారాం తెలుగులో కూడా రాశాడట. ఆ వార్డు మొత్తంలో తెలుగు చదవగలిగింది మేమిద్దరమే. నేను లోపల పడి ఉన్నాను, రాసినవాడు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ బెంచీ మీదే వాడు డ్యూటీ అయిన ప్రతి రోజూ గడిపాడు. పక్కన ఒక ముసలి బహ్రెయినీ ఆయన, భార్య కోసం ఎదురుచూస్తూ, ఖర్జూరాలు ఇచ్చేవాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఒకాయన అల్లా అనేవాడు, మావాడు రాజన్నా అనేవాడు. అంతటితో మాటలు అయిపోయేవి.

ఫిజీ పిల్లాడు పక్క గదిలోనే ఉన్నాడు. మధ్యలో గోడ. జట్టు వెళ్లిపోయినా వాడి కోసం ముగ్గురు ఆగారు. పొద్దునా సాయంత్రం వాడి మంచం చుట్టూ నిలబడి, తగ్గు గొంతుతో పాడేవారు. చిత్రమేమిటంటే, సూది కింద పడితే వంగిపోయే నా ఒళ్లు ఆ పాటకు వంగేది కాదు. మెడ నరాలు కొంచెం వదులయ్యేవి. అన్నమ్మ సిస్టరు అది కనిపెట్టి, వాళ్లు పాడేటప్పుడు నా తలుపు ఓరగా తీసి ఉంచేది. దేవుడెవరైతేనేం, నేను ఆ పాట కోసం పొద్దుననుంచి కాచుకొని ఉండేవాణ్ని.

ఒక రోజు పాట రాలేదు. సాయంత్రమూ రాలేదు. గోడ అవతల మంచాన్ని తోసుకుపోతున్న చక్రాల చప్పుడు మాత్రం అయింది. నేను కళ్లతోనే గంగారాంను అడిగాను.

"ఆళ్ల దేశం తోలుకపోయిన్రట బావా" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

గంగారాంకు అబద్ధం చెప్పడం చేతకాదు. ముక్కు కొన రుద్దుకుంటాడు. ఆ రోజు ముక్కు ఎర్రగా అయ్యేదాకా రుద్దుకున్నాడు. ఆ పిల్లాడు పోయాడని నాకు అర్థమైంది. ఇద్దరినీ ఒకే బండిలో తెచ్చారు కదా, ఇక రెండోవాడి వంతే అనుకున్నాను.

*డిసెంబరు చివర*

గంగారాం ఇంకో అబద్ధం ముందే ఆడి ఉన్నాడు. అది నాకు తర్వాత తెలిసింది. నేను పడిపోయిన వారం, మా ఊరి దగ్గరున్న ఎస్‌టీడీ బూతుకు ఫోన్ చేసి, "బావను కఫీల్ ఏరే దిక్కు పనికి పంపిండు, ఆడ ఫోన్లు లెవ్వు, ఫికర్ జెయ్యకు" అని చెల్లెలికి చెప్పించాడు. నేను బతికితే చెబుదాం, పోతే అప్పుడు చూద్దాం అనుకున్నాడట. వాడి తప్పేం లేదు. ఆ చోట నేనున్నా అదే చెప్పేవాణ్ని.

మా పక్క ఊరి లింగం బహ్రెయిన్‌లోనే గలాలీలో ఇళ్లు కట్టే క్యాంపులో ఉండేవాడు. సెలవు మీద ఊరికి పోతూ, సామాన్ కొనుక్కోవడానికి నయీమ్ వచ్చి చాయ్ హోటల్లో కూర్చున్నాడు. అక్కడ ఎవరో అన్నారు, రగ్బీ గ్రౌండులో పడ్డవాడు దవాఖానలో పోయాడట అని. అన్నది ఫిజీ పిల్లాడి గురించి. లింగానికి ఆ గ్రౌండులో తెలిసిన మనిషి ఒక్కడే, నేను. నేను గ్రౌండులో పడిన సంగతి కూడా విన్నాడు. రెండు సందులు దాటి మా గదికి వస్తే నిజం తెలిసేది. విమానానికి ఆలస్యమవుతుందని రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ ఉంది, కాకపోతే అది వేరే ఇంటిని కాల్చింది. పొగ మాత్రం మా ఇంటికి వచ్చింది.

లింగం ఊళ్లో దిగీ దిగగానే మా అన్న మల్లయ్యకు నా చావు కబురు చెప్పాడు. కళ్లారా చూసినట్టే చెప్పి ఉంటాడు. శవం రాలేదేమని అడిగితే, దుబాయి దవాఖానల సంగతి మీకు తెలవది, నెలలు పడుతుంది అన్నాడట.

*జనవరి*

గంగారాం ఒక మధ్యాహ్నం వచ్చి, నా మంచం పక్కన కూర్చున్నాడు. అప్పటికి వంకరపోవడం కొంచెం తగ్గింది. దవడలు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

"బావా, నువ్వు ఉలిక్కి పడొద్దు. మెల్లగ జెప్త, మెల్లగ ఇను" అన్నాడు. "ఊర్ల నువ్వు సచ్చిపోయినవట."

నవ్వొచ్చింది. నవ్వలేని ముఖంతో నవ్వితే ఎలా ఉంటుందో వాడి కళ్లలోనే చూశాను.

"నవ్వకు బావా, నీ కాల్మొక్త. మీ అన్న రేపటికి దినం పెట్టిండు. మా చెల్లె గాజులు తీస్తరట, బొట్టు తుడుస్తరట. శవం రాకుంట ఎట్ల జేస్తరని అది ఇన్ని రోజులు ఆపిందట. ఇగ ఆగేటట్టు లేరు. నేను ఫోన్ జేసి బతికే ఉన్నడు, దవాఖాన్ల ఉన్నడని మొత్తుకున్న. మీ అన్న ఏమన్నడో ఎరుకేనా? 'నిన్న పనికి పోయిండంటివి, ఇయ్యాల దవాఖాన్ల ఉన్నడంటున్నవ్. చెల్లె మీది ప్రేమ, పావురంతోని అబద్ధమాడుతున్నవ్ గని, ఉంటె మాట్లాడియ్యి' అన్నడు."

వాడు రెండు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చాడు, చప్పుడు రాకుండా. చప్పుడైతే నాకు వంకర వస్తుందని, ఏడుపు కూడా మింగుకుంటూ ఏడ్చాడు. నా బావ నాకు చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ చప్పుడు లేని ఏడుపు ఒక ఎత్తు.

నేను బతికి ఉండగా సత్తవ్వ ముండరాలు కాకూడదు. అప్పటిదాకా నా ప్రాణం మీద నాకే ఆశ లేదు. ఆ క్షణంలో ఒంట్లోకి ఎక్కడినుంచో కోపం వచ్చింది. అన్న మీద, లింగం మీద, ఆ మేకు మీద, బిగుసుకుపోయిన ఈ దవడల మీద.

అన్నమ్మ సిస్టరు మొదట ససేమిరా అంది. ఫోను బయట కౌంటరు మీద ఉంది. అక్కడ లైట్లు, జనం, చప్పుడు. దారిలోనే ఏమైనా కావచ్చు. గంగారాం వచ్చీరాని హిందీలో గాజులు, బొట్టు అన్నీ సైగ చేసి చూపించాడు. ఆమె తన మెడలోని గొలుసును ఒకసారి పట్టుకొని, చక్రాల కుర్చీ తెచ్చింది. నా కళ్లకు గుడ్డ కట్టింది, చెవుల్లో దూది పెట్టింది, నడవాలో అందరినీ వేలు చూపించి నోళ్లు మూయించింది. గంగారాం ముందే బూతుకు ఫోను చేసి మావాళ్లను పిలిపించి ఉంచాడు. ఆమె నా ఒక చెవిలోని దూది తీసి ఫోను పెట్టింది.

బూతులో చాలామంది ఉన్నట్టుంది. మా అన్న గొంతు వినిపించింది. "ఏదీ, మాట్లాడు తమ్మీ, మాట్లాడు" అంటున్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. నేను నోరు తెరవబోయాను. దవడలు కదల్లేదు. ముక్కులోంచి మూలుగు మాత్రం వచ్చింది.

"ఎవలో మూలుగుతున్నరు. గట్ల ఎవలైన మూలుగుతరు!" అన్నాడు అన్న.

ఫోను చేయి మారింది. గాజుల చప్పుడు. సత్తవ్వ.

"ఎవరు?" అంది. "నువ్వేనా?"

నేను ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు, ఆమె నా పేరు అన్నది లేదు. మా ఇళ్లలో అది అలవాటు లేదు. పొలం నుంచి ఇంటికి వచ్చే మగవాడు వాకిట్లోనే ఆగి గొంతు సవరించుకుంటాడు. లోపలి ఆడవాళ్లు కొంగు సర్దుకొని, "ఒచ్చినవా" అంటారు. అదే పిలుపు, అదే పలుకు. పెళ్లయిన నాటి నుంచీ మా ఇద్దరి మధ్య ఊరందరి ముందు నడిచిన మాట అదొక్కటే.

నేను గొంతు సవరించుకున్నాను. హుఁ, హుఁ, హుమ్. ఎప్పటిలాగే, రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా.

 ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, నాకొక్కడికే వినపడేంత మెల్లగా అంది.

"ఒచ్చినవా."

వెంటనే గొంతు పెంచి, బూతులో ఉన్నవాళ్లకు చెప్పింది. "ఆయినే. మాట్లాడిండు. మంచిగున్న, దినం గినం ఏం జెయ్యొద్దన్నడు. ఇగ ఇండ్లకు పోండ్రి."

నేను ఒక్క మాట మాట్లాడలేదు. గుడ్డ కింద నా కళ్లు కారిపోతున్నాయి. నా గొంతు గుర్తుపట్టింది, నా భార్య గుర్తుపట్టింది అని. ఆ సంతోషానికి వీపు విల్లులా వంగి కుర్చీలోంచి జారిపోయాను. అన్నమ్మ సిస్టరు, గంగారాం ఇద్దరూ కలిసి మోసుకుపోయారు. ఆ రోజు దినం ఆగిపోయింది.

*ఏప్రిల్, ఆ తర్వాత*

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను. దవడలు కొద్దికొద్దిగా తెరుచుకున్నాయి. మొదట చెంచా పట్టింది, తర్వాత వేలు పట్టింది. నేను మాట్లాడిన మొదటి మాట "నీళ్లు". గంగారాం తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నన్ను అందరికీ చూపించాడు, చంటివాడు మొదటిసారి మాట్లాడినట్టు. బయలుదేరే ముందు క్లబ్బుకు పోయాను. గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆ పిల్లాడు పడ్డ చోట నిలబడ్డాను, అంతే. ఏం చేయాలో తోచలేదు.

మిట్టమధ్యాహ్నం మా ఇంటికి చేరాను. వాకిట్లో ఆగలేదు. గొట్టం వేసిన గొంతు ఇంకా మంటగా ఉంది. నేరుగా లోపలికి నడిచాను. సత్తవ్వ బియ్యం చెరుగుతోంది. తలెత్తి నన్ను చూసింది. నా వెనక చూసింది. మళ్లీ నన్ను చూసింది. చేట కింద పెట్టి, దగ్గరికి వచ్చి, నా చెంప మీద వేలితో ఒత్తి చూసింది.

"తిన్నవా?" అంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

వానాకాలం దాకా ఆమె ఆ ఫోను సంగతి ఎత్తలేదు. ఒక రోజు, ఇద్దరం కల్లు సీసాల దగ్గర కూర్చొని ఉండగా నేనే అన్నాను, నోరు లేకపోయినా నన్ను ఎంత బాగా గుర్తుపట్టావు అని. ఆమె వేలితో నేల గీరింది.

"లింగం ఒచ్చి చెప్పినకాడి నుంచి రోజూ ఒచ్చినవ్" అంది. "పొద్దుగూకి దీపం పెట్టంగనే వాకిట్ల నిలవడి గొంతు సవరిస్తుంటివి. గట్లనే, రెండు పొట్టిగ, ఒకటి పొడుగు. నేను ఒచ్చినవా అంటుంటి. బయటికొస్తే ఎవలుండకపోదురు. కాళ్లకు నీళ్లు పెట్టి లోపలికి పోతుంటి. ఫోన్ల గూడ అదే ఒచ్చింది. అయ్యో, ఫోన్లకు గూడ ఒచ్చిండు, ఎంత దూరం తిరుగుతుండో అనుకున్న."

చేతిలోని సీసా కింద పెట్టాను. "అంటే నేను బతికి ఉన్ననని నమ్మలే?"

"లేదు."

"మరి మాట్లాడిండని ఎందుకు జెప్పినవ్ అందరికి?"

ఆమె నా వైపు విసుగ్గా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "సచ్చినా రోజూ ఇంటికొస్తున్నవ్ గద. ఇంటికొచ్చేటోని పేరు మీద బొట్టెట్ల తీస్తరు?"

ఇప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. దుబాయి మాట ఎత్తడం లేదు. గిన్నెలు జారకుండా ఆమె వంటింట్లో బట్ట పరిచి పెడుతుంది. నా మీద ఆమెకున్న పావురం ఎంతో నాకు తెలుసు, అనుమానం లేదు. అయినా ఒక్కటి రాయకపోతే ఇదంతా రాసినట్టు కాదు. కొన్నిసార్లు పొద్దుగూకే వేళ, దీపం పెట్టాక, ఇద్దరం లోపల పక్కపక్కనే కూర్చొని ఉంటాం. నాకు గొంతులో ఏదో అడ్డం పడి, తెలియకుండానే సవరించుకుంటాను. పక్కనే ఉన్న నన్ను ఆమె చూడదు. వాకిలి వైపు చూసి "ఒచ్చినవా" అంటుంది. లేచి, చెంబు నిండా నీళ్లు ముంచుకుపోయి గడప అవతల పెట్టి వస్తుంది. నేను కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి అప్పటికి చాలాసేపయి ఉంటుంది.